కత్తిరించని రీలు

మా బావమరిది ఆ ఫిల్మును ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని, కొడుకు ప్రోగ్రెస్ కార్డు చూపించే తండ్రిలా మురిసిపోయాడు.

"చూడు బావా, కళ్ళారా చూడు. మొదట్నుంచి చివరిదాకా ఒక్క బొమ్మ లేదు."

వాడు ఈ స్టేషనుకి ఇన్‌స్పెక్టరు. నేను ఇదే స్టేషన్లో పనిచేసి, పడక మానేసి, వెనక వీధిలో ప్రైవేటు డిటెక్టివునని బోర్డు పెట్టుకున్నవాణ్ణి. నేను బయటికొచ్చినా నా బుర్ర మాత్రం ఇంకా ఇక్కడే జీతం లేకుండా పనిచేస్తోంది. గోదాము దొంగతనం నేను తవ్వి తీసిందే. పేపర్లో ఫోటో మాత్రం వాడిది పడింది. ఆ పేపరు ముక్కకి మా ఆవిడ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. రోజూ దాని కిందే కూర్చుని బూట్లు తొడుక్కుంటాను.

"దీన్నిబట్టి ఏం తేలింది?" అన్నాను.

"మాస్టారికి మతి తప్పిందని తేలింది. ఫిల్ములో సాక్ష్యం లేదని తేలింది. ఇక మిగిలింది రక్తం అంటిన చేతులే. అవి లోపల లాకప్పులో ఉన్నాయి."

చనిపోయినాయన్ని అందరూ ఫోటో మాస్టారనే పిలుస్తారు. జీవితమంతా నలుపు తెలుపు ఫోటోలే, అదీ ఒకే ఒక్క పాత రేంజ్‌ఫైండర్ కెమెరాతో తీసిన మనిషి. వచ్చే వారం టౌన్ హాల్లో ఆయన ఫోటోల ప్రదర్శన ఉంది. నిన్న మధ్యాహ్నం సొంత ఇంటి మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు, మెడలో కెమెరా వేలాడుతూనే ఉంది. ఆయన తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని దొరికినవాడు ఆయన భార్యకి తమ్ముడు, రేడియోలు బాగుచేసుకుని బతికే మెకానిక్కు. రెండు రోజుల ముందు అదే ఇంటి గుమ్మంలో నిలబడి "మా అక్క బతుకంతా తినేశావు" అని బావ మీద అరిచాడట. దొరికినప్పటి నుంచి మాత్రం నోరు విప్పలేదు.

పొద్దున మాస్టారి భార్య నా దగ్గరికొచ్చింది. "నా తమ్ముణ్ణి బయటికి తీసుకురండి బాబూ. వాడు చీమకి కూడా హాని చెయ్యడు" అంది. రేపు పొద్దున కోర్టు. అక్కణ్ణుంచి జైలుకి పంపిస్తే, ఆ నోరు విప్పని మనిషి తిరిగి ఎప్పుడొస్తాడో చెప్పడం కష్టం.

"బావని బావమరిది చంపాడంటే నమ్మడానికి నీకెందుకింత కష్టం?" అన్నాడు మావాడు.

"కష్టమేం లేదు. రోజూ కొంచెం కొంచెంగా చస్తూనే ఉన్నాగా."

పక్క బల్ల దగ్గర స్టేషను రైటరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మావాడు మాత్రం నవ్వలేదు. ఫిల్మును బల్ల మీద పరిచి, చదువు చెప్పడం మొదలుపెట్టాడు.

"లెన్సుకి మూత పెట్టే ఉంది బావా. మూత తియ్యకుండానే రీలంతా నొక్కుకుంటూ పోయాడు. మామూలు కెమెరాలో అయితే చీకటిగా కనిపించి తెలిసిపోతుంది. దీంట్లో లెన్సులోంచి చూడం. పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూస్తాం. మూత ఉన్నా కిటికీలో లోకమంతా నిక్షేపంగా కనిపిస్తుంది."

"నీకెవరు చెప్పారు?"

"మాస్టారి శిష్యుడు. మెయిన్ రోడ్డులో పెద్ద స్టూడియో."

నేను ఫిల్మును వేళ్ళతో తడిమాను. మొదలు దగ్గర నాలుకలా సన్నగా కోసి ఉంది, ఆ కోత మహా అయితే రెండు వేళ్ళ పొడవుంటుంది. కోత ఆగిన చోట అంచు చిల్లులు నలిగి చిరిగిపోయి ఉన్నాయి.

"ఇది మీవాళ్ళు చింపారా?"

"కాదు. కెమెరా లోపలంతా శుభ్రంగా ఉంది, ఒక్క మరక లేదు, ఫిల్ము మాత్రం అలాగే ఇరుక్కుని ఉంది. మా ల్యాబువాడు తిట్టుకుంటూ లాగాడు. ఎందుకు?"

"ఏం లేదు. ఇల్లు చూస్తాను."

"సాయంత్రం దాకా చూసుకో. అదీ మా అక్క మొహం చూసి."

*

మాస్టారి భార్య తలుపు తీసింది. పొట్టి మనిషి, నా భుజం దాకా కూడా రాదు. మాస్టారేమో గుమ్మాలన్నింటికీ తల వంచి నడిచినవాడు. ముందుగదిలో గోడ పొడుగునా ప్రదర్శన ఫోటోలు ఫ్రేములు కట్టి ఆనించి ఉన్నాయి. ఆమె ఒక్కొక్క అద్దాన్నీ మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. ఇంట్లో మనిషి పోయిన మర్నాడు ఇదేం పని అనిపించింది గానీ, దుఃఖంలో ఎవరి చేతులు ఏం వెతుక్కుంటాయో ఎవరు చెప్పగలరు?

"మీరు నిన్న ఆ టైములో?"

"మందుల షాపుకి వెళ్ళాను. పోలీసులకి చెప్పాను."

మెట్లు ఇరుకు, నిటారు. పై మెట్టు దగ్గర గోడకి సున్నం గీసుకుపోయిన గీత ఒకటి కొత్తగా కనిపించింది. దాని ఎత్తు నా నడుము దాకా ఉంది. ఏదో గట్టి వస్తువు గోడని రాసుకుంటూ పోయింది. పడిపోయే మనిషి మెడలో ఉన్న కెమెరా అయితే గీత ఇంకా పైన ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. దాన్ని మనసులో పెట్టుకున్నాను.

మేడ మీద చీకటిగది. ఎర్ర బల్బు, ట్రేలు, ఫోటోలు కడిగే హైపో మందు ముక్కు మండే వాసన. బల్ల కాలికి పురికొసతో కట్టిన కత్తెర వేలాడుతోంది. కత్తెరని ఎవరైనా ఎందుకు కట్టేస్తారు? అది రోజూ కావాలి, ఎవరూ ఎత్తుకుపోకూడదు, అందుకు. కింద రేకు డబ్బాలో చెత్త ఉంది. నేను వంగి డబ్బాలోకి చూశాను. చించేసిన కేలండరు కాగితం ఒకటి కనిపించింది. అది మొన్నటి తేదీది, అంటే నిన్న పొద్దున చించినది. దాని మీద, అంటే దాని తర్వాత పడినది, ఒక చిన్న ఫిల్ము ముక్క. బెత్తెడు పొడవు, చీరేసినట్టు సన్నగా ఉంది, ఒక పక్క మాత్రమే చిల్లులున్నాయి.

ముక్కని జేబులో వేసుకుని కిందికొచ్చాను.

"పైన ఆయన కత్తెరతో ఏం చేసేవారమ్మా?"

"నాకేం తెలుసు బాబూ? ఆ గదిలోకి నన్నెప్పుడూ రానివ్వలేదు. లోపల తలుపేసుకుని చేసుకునేవారు."

ఆ మాట చాలా మామూలుగా అంది. తుడుస్తున్న ఫోటోలో ముసలి దర్జీ ఒకడు బల్ల వెనక నిలబడి నా వంక చూస్తున్నాడు.

*

శిష్యుడి స్టూడియోలో ఏసీ చల్లగా ఉంది, మనిషి అంతకంటే చల్లగా ఉన్నాడు. సోఫా చూపించాడు. నేను కూర్చోకుండా ఫిల్ము ముక్క కౌంటరు మీద పెట్టాను.

"ఇదేంటో చెప్పండి."

దాన్ని చూడగానే ఆయన మొహంలో పాతికేళ్ళు తగ్గాయి. "నాలుక ముక్క సార్! గురువుగారి కెమెరాకి వెనక తలుపు తెరుచుకోదు. అడుగు మూత తీసి కిందనుంచి ఫిల్ము దోపాలి. షాపులో కొన్న రీలుకి ముందు కోత చిన్నది. దాన్ని ఇంకో బెత్తెడు పొడుగ్గా కత్తిరిస్తే గానీ లోపలికి సాఫీగా పోదు. వంకరగా కత్తిరించామా, వేళ్ళ మీద స్కేలు దెబ్బ పడేది."

"కత్తిరించకుండా పెడితే?"

"పని జరగదు సార్. వెడల్పు భాగం అక్కడే తట్టుకుంటుంది. పళ్ళచక్రం ఫిల్మును అందుకోదు. బలవంతంగా తిప్పితే చిల్లులు చిరుగుతాయి."

"మీ గురువుగారు మతి తప్పినా సరే, కత్తిరించకుండా పెడతారా?"

"నిద్రలో కూడా పెట్టరు."

"మరి ఆయనకి మతి తప్పిందనీ, మూత తియ్యడం మర్చిపోయాడనీ ఇన్‌స్పెక్టరుకి మీరే చెప్పారట?"

ఆయన కంగారుపడ్డాడు. "నేనలా అనలేదు. ఫిల్ము ఖాళీగా ఎందుకొస్తుందని అడిగితే, ఇలా కూడా జరగొచ్చన్నాను. అమ్మగారికి ఒకసారి జరిగిందిగా."

"ఏం జరిగింది?"

"అదొక పెద్ద జోకు సార్. పెళ్ళైన కొత్తలో గురువుగారు సరదాకి కెమెరా అమ్మగారి చేతికిచ్చారట. ఆవిడ మూత తియ్యకుండానే రీలంతా నొక్కేసి, ఎంత బాగా తీశానో చూడండని తెచ్చి ఇచ్చిందట. గురువుగారు ఈ కథ చెప్పని సభ లేదు, చెప్పని విందు లేదు. నేను విన్నదే వందసార్లు ఉంటుంది. జనం పడీపడీ నవ్వేవారు."

"అమ్మగారో?"

"ఏంటి సార్?"

"అందరూ నవ్వుతున్నప్పుడు అమ్మగారు కూడా నవ్వేవారా?"

ఆయన కాసేపు కౌంటరు అద్దం తుడిచాడు. "నేనెప్పుడూ అటు చూడలేదు సార్."

నిజం చెప్పినందుకు ఆయన మీద నాకు కోపం కాస్త తగ్గింది. "ఆ తర్వాత మళ్ళీ ఆవిడ చేతికి కెమెరా ఇచ్చారా?"

"అప్పుడప్పుడు. గురువుగారే లోడ్ చేసి ఇచ్చేవారు, ఆవిడ నొక్కేవారు. ఇంట్లో వాళ్ళకి లోడ్ చెయ్యడం ఎందుకు సార్?"

"ఈ కెమెరాలో ఫోకస్ ఎలా చేస్తారు?"

"కిటికీ మధ్యలో ఒక మనిషి ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ ఆ ఇద్దర్నీ ఒకడిగా కలపాలి. కలిసిన క్షణాన నొక్కాలి. కన్ను బాగుండాలి సార్ దానికి." అంటూనే ఆగిపోయాడు.

"మాస్టారి కన్ను బాగుండేదా?"

"కుడి కంట్లో పొర వచ్చింది. చాలా ఏళ్ళయింది." గొంతు తగ్గించాడు. "ఎడమ కంటితో చూసేవారేమో. నేను అడగలేదు."

ఇంతలో అద్దాల తలుపు తోసుకుని మా బావమరిది వచ్చాడు. నన్ను ఎవరో వెంబడిస్తున్నారని అప్పుడర్థమైంది. వాడికి కేసు ఎలా తవ్వాలో తెలియదు గానీ, తవ్వేవాడి వెనక ఎలా నడవాలో బాగా తెలుసు.

"ఏం దొరికింది బావా?"

దాచి లాభం లేదు. చెప్పాను. మాస్టారు నిన్న పొద్దున కత్తిరించి ఎక్కించిన రీలు వేరు, కెమెరాలో దొరికిన రీలు వేరు. ఎవరో అసలు రీలు తీసేసుకుని, కొత్త రీలు కత్తిరించకుండా కుక్కి, లెన్సుకి మూత పెట్టారు. పెట్టినవాళ్ళకి ఈ కెమెరా ఎక్కించడం రాదు.

వాడు చిటికె వేశాడు. "భేష్! కెమెరా ఎక్కించడం రాదు, మరలు తిప్పడం మాత్రం వచ్చు. రేడియో మెకానిక్కు కాక ఇంకెవరు? ఇప్పటిదాకా నా దగ్గర ఉన్నది రక్తం ఒక్కటే. ఇప్పుడు సాక్ష్యం మాయం చేశాడన్నది కూడా కలిపావు. థాంక్స్ బావా."

ఉరి విప్పుదామని వెళ్ళి ఇంకో ముడి వేసొచ్చాను.

"ఆగరా. వాడి చేతులనిండా రక్తం. ఆ చేతులతో కెమెరా అడుగు మూత తీసి రీలు మార్చుంటే లోపల మరక పడదా? రీలు డబ్బా మీద వేలి గుర్తు పడదా? శుభ్రంగా ఉందని నువ్వే పొద్దున అన్నావు."

"చేతులు కడుక్కున్నాడు."

"కడుక్కుని, మళ్ళీ రక్తం పూసుకుని, నీకోసం కూర్చున్నాడా? పోనీ అసలు రీలేది? వాడి జేబులన్నీ తిరగేశావుగా."

"ఎక్కడో విసిరేసి ఉంటాడు." తలుపు దగ్గర తిరిగి చూశాడు. "బావా, నువ్వు తెలివైనవాడివే. కానీ తెలివిని కేసుగా మార్చాలంటే యూనిఫాం ఉండాలి. రేపు పది గంటలకి కోర్టుకి రా, వెనక బెంచీలో చోటుంటుంది."

వాడు వెళ్ళిపోయాడు. అలాగే నిలబడిపోయాను. ఎదురుగా గోడ మీద ఒక పాత ఫోటో ఉంది. అందులో ఉన్నది దర్జీ. అదే దర్జీ, అదే బల్ల, మనిషి మాత్రం వయసులో ఉన్నాడు.

"ఇదెప్పటిది?"

"నేను పనిలో చేరిన కొత్తలో గురువుగారు తీసింది సార్. నేను పక్కనే ఉన్నాను."

ఆ ఫోటోలో బల్ల పైభాగమంతా కనిపిస్తోంది. కత్తెర, సుద్దముక్క, పరిచిన గుడ్డ, అన్నీ పైనుంచి చూసినట్టు ఉన్నాయి. దర్జీ తలెత్తి చూస్తున్నాడు. నేను శిష్యుడికి థాంక్స్ కూడా చెప్పకుండా బయటపడ్డాను.

*

ఆమె ఇంకా ఫ్రేముల మధ్యే కూర్చుని ఉంది. నేను తిన్నగా దర్జీ ఫోటో దగ్గరికి వెళ్ళాను. ఈ ఫోటోలో బల్ల పైభాగం కనిపించడం లేదు. బల్ల అంచు అడ్డంగా ఒక గీతలా ఉంది. దర్జీ తల వంచి కెమెరా వైపు చూస్తున్నాడు. ఒక్క ఫోటో అయితే మాస్టారు కూర్చుని తీశాడనుకోవచ్చు. గోడ పొడుగునా ఉన్న ఫ్రేములన్నీ చూశాను. బస్సు కిటికీ, బ్యాంకు కౌంటరు, ఆస్పత్రి మంచం పక్కన నిలబడ్డ నర్సు, అన్నీ ఒకే తక్కువ ఎత్తు నుంచి చూసినవే. ఈ కెమెరాని కంటికి ఆనించి తీస్తారు. ఆ కన్ను ఏ ఎత్తులో ఉందో ఫోటో చెప్పేస్తుంది. ఇవన్నీ గుమ్మాలకి తల వంచే మనిషి తీసినవి కావు.

"ఇవి మీరు తీసినవి," అన్నాను.

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. తర్వాత, ఎవరో ఎప్పుడో ఇవ్వాల్సింది ఇప్పుడు తెచ్చి ఇచ్చినట్టు, మెల్లగా తలూపింది.

"ఎన్ని?" అంది.

"ఈ గదిలో ఉన్నవన్నీ."

"అన్నీ," అంది. "కన్ను పోయిందని ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయారు. నువ్వు నొక్కు, మిగతాది నేను చూసుకుంటానన్నారు. మిగతాది అంటే పేరు. ఎక్కించేది ఆయన, కడిగేది ఆయన. మధ్యలో నొక్కడం ఎంతసేపు, అది పనేనా అనేవారు."

"నిన్న ఏం జరిగింది?"

"ఒక్క ఫోటో కింద నా పేరు రాయమన్నాను బాబూ. ఒక్కదాని కింద." ఆమె గొంతు పెరగలేదు. "మెట్ల మీద నిలబడి నవ్వారు. 'మూత తియ్యడం తెలియనిదానికి పేరా?' అన్నారు. ఆ కథ మళ్ళీ మొదట్నుంచి చెప్పారు, అక్కడ వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా. నవ్వుతుంటే ఫోటో తీశాను. కోపమొచ్చి కెమెరా లాక్కున్నారు. బెల్టు నా చేతిలో ఉంది. ఇద్దరం లాగాం."

"గోడకి గీసుకుంది."

"అవును. అప్పుడు నేను వదిలేశాను."

"చెయ్యి జారిందా?"

ఆమె నా కళ్ళలోకి చూసింది. "కాదు. వెనక మెట్లున్నాయని తెలుసు. తెలిసే వదిలేశాను."

మిగతాది నేను అడక్కుండానే చెప్పింది. రీలు బయటికి తీయడం ఆయన చేస్తుంటే వందసార్లు చూసింది. ఎక్కించడం మాత్రం ఎప్పుడూ చూడలేదు, అది మూసిన తలుపు వెనక పని. కెమెరా ఖాళీగా ఉంటే పోలీసులు రీలు కోసం వెతుకుతారని ఇంకో రీలు కుక్కింది. బెల్టు ఆయన మెడలో వేసింది.

"మరి మూత?"

"ఫిల్ము ఖాళీగా రావడానికి నాకు తెలిసిన పొరపాటు అదొక్కటే. ఆయనే అందరికీ నేర్పి పెట్టారు."

ఆమె బయటికి పోతుంటే వీధి మలుపులో తమ్ముడు ఎదురొచ్చాడు. అక్క గుప్పిట్లో రీలు చూశాడు. లోపలికి పరిగెత్తి బావని లేపబోయాడు. అప్పటి నుంచి నోరు విప్పలేదు.

"అమ్మా, నేను తవ్వితే ఇక్కడికే వస్తానని మీకు తెలియదా? నన్నెందుకు పిలిచారు?"

"తెలిసే పిలిచాను. రేపు కోర్టులో నేనే చెప్పేస్తాను, వాణ్ణి లోపల ఉంచనిస్తానా? కానీ ఫోటోలు నావని నేను చెప్తే ఎవరు నమ్ముతారు? మొగుణ్ణి చంపి ఆయన పేరు కూడా మింగుతోందంటారు. అదే మీరు కనిపెడితే రుజువవుతుంది." కొంగు ముడి విప్పి రీలు నా ముందు పెట్టింది. "ఆఖరి బొమ్మలో ఆయన నవ్వుతున్నారు. ఇద్దరు మనుషులూ సరిగ్గా కలిశాక నొక్కాను. రెండూ రాయండి బాబూ. వదిలేసింది నేనేనని రాయండి, తీసింది కూడా నేనేనని రాయండి."

నేను ఫోన్ చేశాక మా బావమరిది రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతా విన్నాడు. రీలు కవర్లో వేసి, పైన 'మాస్టారి చివరి రీలు' అని రాశాడు.

"మాస్టారిది కాదు. ఆవిడ తీసింది," అన్నాను.

"కెమెరా ఆయనదేగా బావా? చంపినట్టు ఒప్పుకుంది, రాస్తాను. తమ్ముణ్ణి ఈ రాత్రికే వదిలేస్తాను. ఈ ఫోటోల గొడవ కేసుకి అనవసరం. పెద్ద మనిషి, పోయాడు, పరువు తియ్యడమెందుకు?"

"నువ్వు రాయకపోతే నేను రాస్తాను."

"రాయి. నీ మాట ఎవరు వింటారు బావా?"

ఆమె తలెత్తి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ రోజు మొదటిసారి, జాలిగా, కొంచెం నవ్వింది.

"మీకూ ఇంతేనా బాబూ?"

"ఇంతేనమ్మా," అన్నాను.

జీపులో ఆమెని ఎక్కించుకుని వెళ్ళారు. ఎక్కేముందు గుడ్డ మడిచి నా చేతికిచ్చింది, తుడవాల్సిన ఫ్రేములు ఇంకా రెండున్నాయట. రెండూ తుడిచాను. తర్వాత శిష్యుడికి ఫోన్ చేసి, ప్రదర్శన గోడలకి ఫోటోలు తగిలించేది ఎవరని అడిగాను. తనేనన్నాడు.

"మీ దగ్గరున్న పాత దర్జీనీ, ఇక్కడున్న ముసలి దర్జీనీ పక్కపక్కన పెట్టండి. గుమ్మానికి ఎదురుగా. కింద మాస్టారి ఎత్తెంతో, అమ్మగారి ఎత్తెంతో రాయండి. అంతకుమించి ఒక్క ముక్క వద్దు. బల్ల అంచు చూసి ఎవరికి వాళ్ళే తెలుసుకుంటారు."

"గురువుగారి పేరు సార్..." అన్నాడు.

"జనం నవ్వుతున్నప్పుడు మీరు ఒక్కసారి కూడా అటు చూడలేదన్నారు," అన్నాను. "ఇప్పుడు చూడండి. చూశాక మేకులు కొట్టండి."